జీవమ్మ నేర్చిన గుడ్‌బై

అత్తగారింటి గడప దాటేటప్పుడు "పోయొస్తా" అనాలి. "పోతా" అన్నా తప్పే. జకరయ్య ఆ రెండూ అనలేదు. బావమరిది పెళ్ళికొచ్చిన చుట్టాలు చూస్తున్నారు కదా అని గొప్పగా చెయ్యి ఊపి, "గుడ్‌బై అత్తా!" అన్నాడు. గొప్పకు పోయినవాడికి ఏ కాలంలో మంచి జరిగింది గనక?

మర్నాడు ఆళ్ళగడ్డ నుంచి అత్త జీవమ్మ ఫోన్ చేసింది.

"గుడ్‌బై అంటే ఇంక రానని కదప్పా? సినిమాల్లో విమానం ఎక్కేటోళ్ళు అంటాంటారు. నువ్వు రాకపో. నా బిడ్డా రాదు."

పెళ్ళికని పోయి, నాలుగు రోజులుండి వద్దామని ఆగిన అతని భార్య కృపావతి అలా పుట్టింట్లోనే చిక్కుబడింది. నంద్యాలలో జకరయ్య తాను కాచిన చారు తానే తాగలేక, పక్కవీధిలో ఇంగ్లీషు చెప్పే ఎలీషా సారు దగ్గరికి పరిగెత్తాడు.

"అది చెడ్డమాట కాదప్పా," అన్నాడు సారు. "వెనకటికి తెల్లోళ్ళు పోయేటప్పుడు 'గాడ్ బి విత్ యు' అనేటోళ్ళు. దేవుడు నీకు తోడుండుగాక అని. అనీ అనీ అరిగిపోయి గుడ్‌బై అయింది."

"మాట అరిగేదేంది సార్?"

"నీ ఆటో టైర్లు అరగలా?"

జకరయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆళ్ళగడ్డలో బస్సు దిగి, అత్త ముందు నిలబడి, సారు చెప్పిందంతా అప్పజెప్పాడు. జీవమ్మ కొంగు తలమీదికి లాక్కుని, ప్రసంగం విన్నంత శ్రద్ధగా వింది.

"అయితే అది దీవెన."

"దీవెనే అత్తా!"

"దీవెన పెద్దోళ్ళు చిన్నోళ్ళకు ఇస్తారా, చిన్నోళ్ళు పెద్దోళ్ళకా? నన్ను దీవించేంత పెద్దోనివి ఎప్పుడైతివప్పా? మోకాళ్ళ మీద కూచో!"

కూర్చున్నాడు. ఆమె అతని నెత్తిన చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "గుడ్‌బై నాయనా. ఆమేన్," అంది. "ఇట్ల అనాల. ఇంక దాన్ని పిల్చుకపో."

కృపావతి సంచి ఎప్పుడో సర్దిపెట్టుకుంది. "ఇంకో ఇంగ్లీషు ముక్క రాకముందే నడువు," అంది.

నంద్యాల బస్సులో కాలు పెట్టే సందు లేదు. సాగనంపడానికొచ్చిన జీవమ్మ కూడా ఎక్కింది. కొత్తగా నేర్చిన మంచిమాట, దాచుకోవడం దేనికి? కూర్చున్నవాళ్ళ తలలమీద వరసగా చెయ్యి పెడుతూ పోయింది.

"గుడ్‌బై నాయనా. గుడ్‌బై తల్లీ. నీక్కూడా గుడ్‌బై."

ముందు సీటు పెద్దమనిషి మొహం పాలిపోయింది. "ఏందమ్మా, డ్రైవర్ తాగినాడా?" అని సంచి చంకన పెట్టుకుని దిగేశాడు. వెనకే ఆయన భార్యా దిగింది.

ఆ సీట్లో కృపావతి కిటికీ పక్కన, జకరయ్య ఇవతల సర్దుకున్నారు. బస్సు కదిలింది. దిగి రోడ్డుమీద నిలబడ్డ జీవమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, అల్లుడి నోటివైపే చూస్తోంది.

జకరయ్య పెళ్ళాం మీదుగా వంగి, తల బయటపెట్టి, గొంతు పగిలేలా అరిచాడు.

"పోయొస్తా అత్తా! పోయొస్తా! పోయి మళ్ళీ వస్తా!"