గుండానికి తొలి పార

మా ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగి పదేళ్లయింది. జమ్మలమడుగు దగ్గరి కొత్త కాలనీలో పుట్టిన పిల్లలకు పాత ఊరి పీర్లపండగ ఎట్లా ఉండేదో తెలియాలని, కమ్యూనిటీ హాలు గోడ మీద ఆ బొమ్మ గీయమని నన్ను పిలిచారు. నేను ప్రొద్దుటూరులో బొమ్మలు గీసి బతుకుతాను. గొర్రెలు కాసిన పెంచలయ్య కూతురు భువనేశ్వరిని. ఒప్పుకున్నది ఊరి మీద ప్రేమతో కాదు, కసితో.

పీర్లచావిడి ముందు నిప్పులగుండం తవ్వేటప్పుడు తొలి పార వేసే మర్యాద పెద్దింటి నారాయణది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఏడు ఆయన పులివెందులలో ఉండిపోయాడు. గుండం తవ్వాల్సిన నెలవంక కనబడింది. జనం దిక్కులు చూస్తూ నిలబడ్డారు. వేళ దాటిపోతోందని మా నాయన పార అందుకుని ఒక్క పెళ్ల తీశాడు. మరునాడు పొద్దున నారాయణ వచ్చి, వీధంతా చూస్తుండగా ఆ గుంతను మా నాయన చేత ఒట్టి చేతులతో పూడ్పించాడు. ఆ తర్వాత తానే తొలి పార వేసి మళ్లీ తవ్వించాడు. మా నాయన చచ్చేదాకా ఇంకే పండగకూ గడప దాటలేదు.

రెండు నెలలు గీశాను. పచ్చ జెండాలు, పూలదండల్లో వెండి పీర్లు, పసుపు నలుపు పులివేషాలు, పానకం కడవలు, గులాబీ రంగు చీరల్లో ఆడవాళ్లు. నడిమధ్య గుండం. దాని ఒడ్డున ఎర్ర తలపాగాతో పార ఎత్తిన మా నాయన.

హాలు తెరిచిన రోజు అందరూ తమ మొహాలు వెతుక్కుని మురిసిపోయారు. నారాయణ కర్ర ఊతంతో గోడ ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు.

"నువ్వు యాడుండావు తాతా?" అని మనవరాలు అమూల్య అడిగింది.

ఆయన, పీరు ఎత్తే ముసలి మున్వర్ వైపు తిరిగాడు. "తొలి పార మా ఇంటిదని చెప్పప్పా ఈళ్లకు."

మున్వర్ బొమ్మను చాలాసేపు చూశాడు. "పెంచలయ్య పార ఎయ్యడం నా కండ్లతో చూసినా. బొమ్మలో అబద్ధమేం లేదప్పా."

పిల్లలు నమ్మేశారు. వాళ్లకు ఆ ఊరంటే ఇక ఈ గోడే.

అందరూ భోజనాలకు కదిలాక నారాయణ నా దగ్గరకు వచ్చాడు. "ఆ పొద్దు తప్పు చేసినా పాపా. నన్ను యాడో ఒక మూల పెట్టు. శానా చిన్నగా అయినా సరే."

"చోటు లేదు పెద్దాయనా."

అబద్ధమే. బొమ్మలో చావిడి మెట్ల పక్కన మనిషి పట్టేంత తెల్లగోడ ఇంకా మిగిలే ఉంది. ఆయన చూపు దాని మీదే ఉంది. జాలి పడాల్సిన చోట నాకు హాయిగా అనిపించింది.

కుంచె తీసుకున్నాను. ఆయన కండువా సర్దుకుని, నాకు ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు.

ఆ తెల్లచోటంతా వీధి మట్టి రంగు పూశాను. ఆయన అట్లా నిలబడి ఉండగానే రెండో పూత కూడా వేశాను.