మూతి కుట్టేసిన పెళ్లి సంచి

నేను ఒక పెళ్లి సంచిని, అతిథులకు కానుక పెట్టి ఇచ్చే రకం. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. పసుపుపచ్చ నేతగుడ్డ, ఎర్ర తాడు. మూడు వందల సంచుల్లో మూతి తెరుచుకోనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ తప్పు నాది కాదు, నన్ను కుట్టిన కళ్లది.

ఆ కళ్లు పైడమ్మవి. విజయనగరంలో ఒక ఇరుకు సందులో, ఒంటిగదిలో ఉంటుంది. జాకెట్లకు చేతికుట్టు వేస్తుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పెళ్లికూతురు ఇందుజ స్వయంగా వచ్చి, "మిషను మీద వద్దు పైడమ్మా, చేత్తోనే కుట్టు. అదే అందం" అంది. తన రెండు కళ్లకూ పొర కమ్ముతోందని పైడమ్మ చెప్పలేదు. చెబితే పని పోతుంది. పని పోతే ఆ గడప తొక్కే మనిషే ఉండరు.

ఒక్కో సంచిలో ఒక్కో కార్డు పెట్టాలి. పైడమ్మకు చదువు రాదు. అందులో ఏముందో ఇందుజ చెప్పలేదు, ఈమె అడగలేదు. నా వంతు వచ్చేసరికి వెలుతురు సన్నగిల్లింది. కార్డు లోపల పెట్టి, తాడు దూరే మడత కుట్టబోయి, రెండంచులూ కలిపి కుట్టేసింది.

నా కడుపులో ఉన్న కార్డు మీద పైన పెద్ద అక్షరాలు: "మీకివ్వాల్సిన కానుకను మీ పేరున దానం చేశాం." అడుగున చీమల్లాంటి అక్షరాలు: "ఈ కార్డు చూపిన ఒకరికి మా ఊరి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ ఉచితం. ఫోను చేస్తే ఇంటికే బండి వస్తుంది. వచ్చే ఉగాది వరకే."

పెళ్లి శ్రావణంలో జరిగింది. భోజనాలయ్యాక మమ్మల్ని పంచారు. మనుషులు కానుకను ముందు చేత్తో తూస్తారు, తరువాతే కళ్లతో చూస్తారు.

"ఇదేటే, గాలి పోసి ఇచ్చినారేటి?"

"మన పేరున దానం సేసినారట!"

"సరే మరి. పున్నెం మనకి, పేరు ఆళ్లకి. ఓ స్టీలు గిన్నె పడీసుంటే పోయేది కదా!"

అందరూ నవ్వారు. పెద్ద అక్షరాల దగ్గరే అందరి చదువూ ఆగిపోయింది. నా తోబుట్టువులు చాలామంది ఎంగిలాకులతో పాటు వెళ్లిపోయారు. నన్ను పోస్టాఫీసు గుమాస్తా కామేశ్వరి తీసుకెళ్లింది. రోజంతా అడ్రసులు చదివే మనిషి. నా మూతి రెండుసార్లు లాగి చూసి, బీరువాలో పడేసింది. అక్కడ ఏడు నెలలు. కలరా ఉండల వాసన తప్ప నన్ను పలకరించినది లేదు.

ఫాల్గుణం చివర్లో ఒక మధ్యాహ్నం బీరువా తెరుచుకుంది. జాకెట్టు వదులు చేయించడానికి వెళ్తూ కామేశ్వరి నన్ను కూడా పట్టుకెళ్లింది. ఆ సందు, ఆ గడప, ఆ వేళ్లు! నేను పుట్టింటికి వచ్చాను.

"దీని మూతి విప్పి పెట్టు పైడమ్మా. ఎవరు కుట్టారో గానీ, కళ్లు నెత్తిన పెట్టుకుని కుట్టారు."

పైడమ్మ నా కుట్టు తడిమింది. వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. గుర్తుపట్టింది.

"నానేనమ్మా," అంది మెల్లగా. "పొర కమ్మీసింది. సూదిలోకి దారం కూడా ఎక్కట్లేదు. కాస్త ఎక్కించి పెడుదురూ."

కామేశ్వరి చటుక్కున ఎక్కించింది. "ఆపరేషన్ చేయించుకోవాలే. ఇలా ఊరుకుంటే ఎలా?"

"ఎవులు తీసుకెల్తారమ్మా నన్ను?"

కామేశ్వరి జాకెట్టు మడత విప్పి చాపింది. జవాబు నా దగ్గర ఉంది. పైడమ్మ బ్లేడుతో నా కుట్టు కోసింది. కార్డు బయటపడింది. కామేశ్వరి చేతికి జానెడు దూరంలో ఉంది. తిప్పి చూడు తల్లీ, అడుగు దాకా చదువు!

"అదా? పడేసీ. పెళ్లివాళ్ల గొప్పలు."

"మందంగా ఉందమ్మా. దారం సుట్టుకుంటాను."

"చుట్టుకో. ఆ సంచి కూడా ఉంచీసుకో, సూదులు వేసుకుందువు గాని." జాకెట్టు అప్పజెప్పి వెళ్లిపోయింది.

పైడమ్మ ఉండలోని తెల్లదారం తీసి, ఒక్క అక్షరం కూడా కనిపించకుండా కార్డు చుట్టూ చుట్టింది. సూదులతో పాటు దాన్ని మళ్లీ నా కడుపులోనే పెట్టింది. ఎక్కించిన దారం ఆ జాకెట్టుకే సరిపోయింది.

ఉగాదికి ఇంకా పదకొండు రోజులున్నాయి. దారం తగ్గితే అక్షరాలు బయటపడతాయి. దారం తగ్గాలంటే పైడమ్మ కుట్టాలి. కుట్టాలంటే సూదిలోకి దారం ఎక్కించే మనిషి ఒకరు రావాలి.

పొద్దున్నుంచి ఆమె గడపలో కూర్చుని, అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా సూది పైకెత్తి పట్టుకుంటోంది. "ఎవులమ్మా అది?"

ఈ రోజు ఎవరూ ఆగలేదు.