నోరు తెరిచి చూసే బొమ్మ

మా బావ పళ్ళ డాక్టరు. క్లినిక్‌కి కొత్తగా రంగులేయిస్తూ, కుర్చీకి సరిగ్గా పైన సీలింగ్‌కి అతికించడానికి ఒక బొమ్మ కావాలన్నాడు. "పడుకుని నోరు తెరిచినవాళ్ళు నా మొహం చూసి జడుసుకుంటున్నారు మరదలా, చూడ్డానికి ఇంకేదైనా పెట్టు" అన్నాడు.

నేను వేసేవి ఫ్రాక్టల్ బొమ్మలు. వాటికి కుంచెతో పని లేదు. చిటికెడు లెక్క ఒకటి కంప్యూటర్‌కిచ్చి, వచ్చిన జవాబునే మళ్ళీ దానికి తినిపిస్తూ పోతే తెర మీద సుడులు పుడతాయి. సుడి అంచున పిల్ల సుడులు, వాటి అంచున మనవ సుడులు. ఎంత దగ్గరికెళ్తే అంత సంతానం. ఏ మూలకు వెళ్ళాలి, ఏ రంగు వెయ్యాలి అన్నదే నా పనితనం. ఆ పనితనం కాస్తా నెలల తరబడి మొండికేసింది. ఏది వేసినా ఎక్కడో చూసినట్టే ఉంది, చాలాసార్లు నా పాత బొమ్మల్లోనే చూసినట్టుంది.

బావకి సరేనన్నాను గానీ, మనసులో ఒట్టు పెట్టుకున్నాను: ఇదీ రాకపోతే ఈ విద్యకో నమస్కారం, మళ్ళీ ముట్టుకోను. ఆ సంగతి ఆయన ఎరగడు. ఆయన గొడవ ఆయనది. "ఆదివారానికి ఇవ్వకపోతే జలపాతం పోస్టరు కొనేస్తా." జలపాతమట! నోట్లో నీళ్ళ గొట్టం పెట్టించుకున్నవాడికి పైన కూడా నీళ్ళే చూపిస్తాడట. నాకు ఒళ్ళు మండింది.

అక్కావాళ్ళింట్లో మేడ మీది గది నాది. తలుపేసుకుని కోపంతో లోతుకు దిగాను. ఇంతవరకు ఎవరూ చూడని మూల పట్టాలని సుడిలోకి, దాని లోపలి సుడిలోకి, దాని లోపలిదాంట్లోకి పోయాను. భోజనానికి పిలిస్తే "వస్తున్నా" అని ఇంకా లోపలికి పోయాను. చివరికి అంకెల్లో దశాంశాలు చాలక కంప్యూటర్ చేతులెత్తేసింది. తెర నిండా గళ్ళు. ఈ పని మొదలెట్టిన వారంలోనే ఎవరికైనా తెలిసే హద్దు అది, నేను ఒళ్ళు మరిచి దాటేశాను.

అక్క వచ్చి వెనక నుంచి చూసింది. "ఇన్నాళ్ళూ కూర్చుని బాత్రూమ్ టైల్స్ అతికించావుటే?"

"కంప్యూటర్ పాతదక్కా."

"ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే. ఆ బుగ్గేంటి, అలా వాచింది?"

అప్పటిదాకా దాచాను. పన్ను సలుపుతోంది. పళ్ళ డాక్టరు మరదల్నయి ఉండి ఆ కుర్చీ అంటే నాకు హడల్. అక్క నా మాట వింటేనా! చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి అందులో కూలేసింది.

"రోట్లో తల పెట్టి రోకటిపోటుకు భయపడితే ఎలా మరదలా?" అంటూ బావ సూది తీశాడు. నేను సీలింగ్ కేసి చూశాను. తెల్లటి రంగు తప్ప ఏమీ లేదు. చూపు నిలవడానికి గోరంత ఆసరా లేక, ఎటు తిప్పినా జారి బావ ముక్కు రంధ్రాల దగ్గరే ఆగుతోంది. పైగా నడిమధ్యన కళ్ళు చెదిరే లైటు. నేనేమో ఏ బొమ్మ వేసినా అందమంతా తెచ్చి నడిమధ్యనే పోస్తాను. అలాంటిది ఇక్కడ అతికిస్తే ఎవరికీ కనబడి చావదు!

ఇంకోటి కూడా అర్థమైంది, భయం వల్లే అర్థమైంది. ఇక్కడ పడుకున్నవాళ్ళకి ఎవరూ చూడని లోతులు అక్కర్లేదు. డ్రిల్లు గీమంటున్నంతసేపూ చూపు పట్టుకుని నడవడానికి ఓ దారి దొరికితే చాలు. అది పాతదా కొత్తదా అని ఆ క్షణంలో నాకైతే పట్టింపే లేదు.

"ఆఁ... ఊఁ..." అన్నాను నోట్లో గొట్టంతో.

"నొప్పా?"

తల అడ్డంగా ఊపి, లైటు చుట్టూ వేలితో సుడులు తిప్పి చూపించాను.

"మందు తలకెక్కినట్టుంది" అన్నాడు బావ అక్కతో.

సగం మొద్దుబారిన మూతితోనే ఇంటికొచ్చి కూర్చున్నాను. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్ళూ వేసే మామూలు సుడినే తీసుకున్నాను. ఇన్నాళ్ళూ నామోషీ అని దాని జోలికే పోలేదు. దాన్ని మధ్యలోంచి లాగి ఓ మూలకి నెట్టాను. లైటు వచ్చే చోట లేత నీలం వదిలేశాను. మూలన బయల్దేరిన దారి లైటుని చుట్టి, పిల్ల సుడుల మీదుగా ఎక్కి దిగి, అవతలి మూలకి పోతుంది. ఎరుపు మాత్రం ఎక్కడా వెయ్యలేదు, ఆ కుర్చీలో ఆ రంగు ఎవరికీ గిట్టదు. ఈల వేద్దామనిపించింది గానీ మూతి సహకరించలేదు. ఎంత సంతోషంగా ఉందో!

ఆదివారం బొమ్మ అతికించారు. మర్నాడు మధ్యాహ్నం బావ ఫోను, గొంతు నిండా చిరాకు.

"ఏం బొమ్మ తగిలించావు మరదలా! లారీ డ్రైవరొకాయన, పన్ను పీకడం అయిపోయినా కుర్చీ దిగనంటున్నాడు. బయట జనం గొడవ."

"ఎందుకు దిగడట?"

"దారి మధ్యలో ఉన్నాడట. నువ్వే చెప్పు" అని ఫోను ఆయనకిచ్చాడు.

దూది కుక్కిన నోటితో మాట వినిపించింది. "అమ్మా, ఎడమ పక్క చిన్న సుడిలో ఇరుక్కున్నా. బయటికెటు?"

"నాకూ తెలీదండీ. నిదానంగా చూడండి."

"సరే, సరే" అన్నాడాయన, నిజంగానే నిదానంగా.

ఫోను పెట్టేసి పడీ పడీ నవ్వాను, కాస్త ఏడ్చాను కూడా. కళ్ళు తుడుచుకుని బావకి మెసేజ్ పెట్టాను: "పేషెంట్లు కూర్చునే గదికీ ఒకటి వేస్తా. గోడ కొలతలు పంపు."

"వద్దు తల్లీ, అక్కడ కూడా పెడితే లోపలికే రారు" అని జవాబొచ్చింది. దాని కిందే కొలతలు కూడా వచ్చాయి.