ఆఫీసు గచ్చు మీద జీవరాజు అడుగులు

తెల్లారి లేవగానే రామలక్ష్మి చీపురు పట్టుకునేది కాదు. ముందు వంగి, వీధరుగు నుంచి వంటింటి గుమ్మం దాకా ఉన్న మొగుడి అడుగుల మీద ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి ఆనించి చూసేది. తడి తగిలితే ఊపిరి పీల్చుకునేది. ఆ తరవాతే ఊడ్పూ, కళ్ళాపీ, పొయ్యీ.

జీవరాజు ఒట్టి కాళ్ళతో నడిచిన చోట అడుగు ఆరదు. రోళ్ళు పగిలే ఎండలోనైనా సరే, అప్పుడే కాలవలోంచి లేచొచ్చినట్టు తడిగా ఉండిపోతుంది. వాళ్ళ నాన్నకీ అంతే. ఆ ఊళ్ళో అందరికీ అలవాటే. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, చెప్పులతోనే లోపలికి రావయ్యా అని అతనికి ముందే చెప్పేవారు. ఎడమకాలి చిటికెనవేలు చిన్నప్పుడే కొడవలి తగిలి పోయింది కాబట్టి ఆ అడుగులు ఎవరివన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. అయితే వాళ్ళ నాన్న మంచాన పడ్డ వారంలో ఆయన అడుగులు మడమల దగ్గర్నుంచి ఆరుకుంటూ వచ్చాయి. వేళ్ళ దాకా ఆరిన రోజున ఆయన పోయాడు. రామలక్ష్మి భయం అదే. జీవరాజు రాజమండ్రి జైలుకెళ్ళి అయిదో నెల నడుస్తోంది.

సంగతేంటంటే, ఆ వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చేలకి నీళ్ళు పారే పంటబోదె పూడిక తీశామని కాగితాల్లో రాసుకున్నారు. నీళ్ళు వదిలాక చూస్తే జీవరాజు కౌలుకి చేస్తున్న శివారు చేనుకి చుక్క రాలేదు. పూడిక పని చేయించింది రైసుమిల్లు చంద్రరావు. ఎంత తవ్వారో ఆ కాగితం ఒకసారి చూపించండని అడగడానికి జూన్ ఎనిమిదిన జీవరాజు మండలాఫీసుకి వెళ్ళాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, కౌంటరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. సాయంత్రం నాలుగింటికి బయటికి రాగానే పోలీసులు జీపెక్కించారు. ఎఫ్ఐఆర్‌లో మాత్రం ముందురోజు రాత్రే మిల్లు గోడౌన్లో దూరి, మర్నాడు నాలుగింటి దాకా లోపలే దాక్కుని, మోటారు విప్పుతూ దొరికిపోయాడని రాశారు. జామీను నిలబడేవాళ్ళు దొరకలేదు. చంద్రరావుకి ఎదురెళ్ళి సంతకం పెట్టడానికి ఎవరికైనా భయమే.

ఎవరో చెబితే రామలక్ష్మి రావులపాలెం వెళ్ళింది. అక్కడ అరటి మార్కెట్‌కి దగ్గర్లో, న్యాయసేవల సంస్థా ఒక పౌరసంఘమూ కలిసి శనివారాలు బల్ల వేసుకుని కూర్చునేవారు. ప్లీడరు పెట్టుకునే తాహతు లేనివాళ్ళకి దుర్గాశ్రీ అనే లాయరమ్మ కేసు చూసేది. అర్జీలు రాసిపెట్టేది రిటైరైన హెడ్మాస్టరు రాజరత్నంగారు.

రామలక్ష్మి చెప్పుకొచ్చిందంతా విని దుర్గాశ్రీ అంది. "ఆఫీసు గచ్చు మీద అడుగులు మీ ఆయనవేనండి, కాదని ఎవరూ అనరు. కానీ వేరే రోజెప్పుడో వెళ్ళుంటాడంటారు. ఆ రోజువేనని ఎలా చెప్తాం?"

రాజరత్నంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ నేల పాతదా అమ్మా, కొత్తదా?"

"కొత్త గచ్చండి మాస్టారూ. ఇంకా నున్నగానే ఉంది."

ఆయన అప్పటికప్పుడే తెల్లకాగితం తీసుకున్నారు. సమాచార హక్కు చట్టం వచ్చి అప్పటికింకా ఏడాది కాలేదు. ఆ గచ్చు పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పూర్తయింది, ఏ రోజు ఏ గంటకి జనాన్ని దానిమీద నడవనిచ్చారు అని అడుగుతూ రాసి, కింద రామలక్ష్మి చేత సంతకం పెట్టించారు.

ముప్ఫై రోజులు గడిచాయి. జవాబు లేదు. పైకి అప్పీలు పెట్టారు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, రామలక్ష్మి వీధరుగు మీదికి వచ్చి నిలబడేది. అక్టోబరు చివర్లో వచ్చింది కవరు. లోపల ఒకే ఒక్క కాగితం. జూన్ ఎనిమిది ఉదయం పదకొండు గంటలకి తాళం తీసి కొత్త గచ్చుని వాడకంలోకి తెచ్చారని ఉంది. కింద ఇంజనీరు సంతకం.

దుర్గాశ్రీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆ రోజు పదకొండుకి ముందు ఆ నేలమీద ఎవరూ నడవలేదు. నాలుగు తరవాత జీవరాజు జైలు దాటి రాలేదు. ఆ మధ్యలో ఆఫీసులో ఉన్నవాడు గోడౌన్లో ఎలా ఉంటాడు? స్వయంగా వచ్చి చోటు చూడమని మేజిస్ట్రేటుగారికి అర్జీ పెట్టింది. గురువారం వస్తామన్నారు.

ఆ మంగళవారం సాయంత్రం, ఆఫీసు ఊడ్చే పాపాయమ్మ రామలక్ష్మి ఇంటికి వచ్చింది. గచ్చు కడిగేటప్పుడు ఆ అడుగుల్ని తప్పించి గుడ్డ పెట్టేది ఆవిడే. ఆ గచ్చు మీద పరవడానికి టైల్సు లోడు దిగిందనీ, రేప్పొద్దున్నే మేస్త్రీలు వస్తున్నారనీ చెప్పింది.

బుధవారం పొద్దున్న రామలక్ష్మి అడుగుల మీద చెయ్యి పెడితే మడమల దగ్గర పొడిగా తగిలింది. అరుగు దగ్గరా అంతే, వంటింటి గుమ్మంలోనూ అంతే. కిందటి ములాఖత్‌లో జీవరాజు వరసగా దగ్గుతూనే ఉన్నాడు. ఏం లేదులే, గాలి మార్పు అన్నాడు. జైలుకి పరిగెత్తాలో ఆఫీసుకి పరిగెత్తాలో ఆమెకి తోచలేదు. చివరికి దుర్గాశ్రీకి ఫోన్ చేసి చెప్పి, ఆఫీసుకే వెళ్ళింది.

మేస్త్రీలు సిమెంటు కలుపుతున్నారు. ఆమె చెప్పులు విడిచి, కౌంటరు ముందున్న మొగుడి అడుగుల్లో తన పాదాలు పెట్టి నిలబడింది. ఆఫీసరు బయటికొచ్చి తప్పుకోమన్నాడు. ప్రభుత్వ పనికి అడ్డం పడితే పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలవండి," అంది రామలక్ష్మి. "ఆయన్నీ ఈ గుమ్మంలోంచే కదండీ తీసుకెళ్ళారు."

ఆఫీసరు లోపలికెళ్ళి ఫోనెత్తాడు. అప్పటికి ఆఫీసు నిండా జనం. మేస్త్రీలు తాపీలు పక్కన పెట్టి టీకి వెళ్ళారు. పన్నెండయింది, రెండయింది. పాపాయమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆఫీసరు చూస్తుండగానే ఆమె పక్కన నిలబడింది. బయట జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. రామలక్ష్మికి జీపు కన్నా కాళ్ళ కింద జరుగుతున్నదే ఎక్కువ భయంగా ఉంది. మడమల కింద గచ్చు వెచ్చగా, పొడిగా అవుతోంది. ఆ పొడి కొంచెం కొంచెంగా అరికాలి మధ్యకి జరుగుతోంది.

పోలీసులు గుమ్మం దాటకముందే దుర్గాశ్రీ ఆటో దిగింది. చేతిలో కోర్టు ఉత్తర్వు ఉంది. మేజిస్ట్రేటుగారు చూసేదాకా ఆ నేలని ఎవరూ ముట్టుకోకూడదు.

మర్నాడు మేజిస్ట్రేటుగారు వచ్చేసరికి మడమలు పూర్తిగా ఆరిపోయాయి. అరికాలి ముందు భాగమూ, తొమ్మిది వేళ్ళూ మిగిలాయి. ఆయన వంగి వేలితో తాకి చూసి, గుమాస్తాకి చెప్పి రాయించారు. ఇంజనీరు సంతకమున్న కాగితం పక్కన పెట్టించుకున్నారు. లేవబోతూ ఆగి, ఇవి ఆరుతున్నాయేంటి అని అడిగారు.

"ఆయనకి బాగోలేదండి," అంది రామలక్ష్మి. "వాళ్ళ నాన్నకీ ఇలాగే ఆరాయండి."

మేజిస్ట్రేటుగారు మిగతాది తరవాత రాద్దామని గుమాస్తాకి చెప్పి, ఆఫీసరు బల్లమీది ఫోను తీసుకుని జైలుకి తనే మాట్లాడారు. సాయంత్రానికి జీవరాజుని పెద్దాసుపత్రికి మార్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఇంకో రెండు రోజులైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. పదకొండు రోజుల తరవాత కేసు కొట్టేశారు. జీవరాజు మంచం మీద నుంచే ఆ మాట విన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. రామలక్ష్మి అతని వీపు మీద చెయ్యేసి కూర్చుంది.

చంద్రరావు మిల్లు మాత్రం ఆడుతూనే ఉంది. పోలీసు జీపు అప్పుడప్పుడు రామలక్ష్మి వాళ్ళ వీధిలోకి వచ్చి నెమ్మదిగా వెళ్ళేది.

సంక్రాంతి వెళ్ళాక రాజరత్నంగారికి కంటి ఆపరేషనయింది. తొమ్మిది దాకా చదువుకున్నావు కదమ్మా, నెల్లాళ్ళు నా బదులు బల్ల దగ్గర కూర్చో అన్నారు. మొదటి శనివారం రామలక్ష్మి ముందుకొచ్చి నిలబడింది పాపాయమ్మ. పధ్నాలుగేళ్ళుగా ఆఫీసు ఊడుస్తోంది. అసలు ఏ రిజిస్టర్లోనైనా తన పేరుందో లేదో తెలుసుకోవాలని వచ్చింది.

"ఈ అర్జీ పెడితే నన్ను తీసేస్తారేమోనే," అంది.

రామలక్ష్మి అబద్ధం చెప్పలేకపోయింది.

"తీసేసినా తీసేస్తారు పిన్నీ. రాయమంటావా?"

పాపాయమ్మ రోడ్డు వంక ఒకసారి చూసింది. తరవాత కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, తన ఇంటిపేరు చెప్పింది.