తోడల్లుళ్ళ ఫిల్టర్లు

మామగారి మెకానిక్ షెడ్డులో పెద్దల్లుడికి పందొమ్మిదేళ్ళ సర్వీసు. చిన్నల్లుడికి ఏడు నెలలు. ఈ లెక్క ఇంకెవరికీ పట్టలేదు గానీ, పెద్దల్లుడు మాత్రం రోజూ పళ్ళు తోముకుంటూ ఒకసారి వేసుకునేవాడు.

మామగారికి ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. పానా పట్టడం మానేసి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నారు. ఆయన జేబులో ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ ఉంటుంది. దాని మొన ఇంజన్‌కీ, చెక్కపిడి చెవికీ ఆనించి, లోపల ఏ ముక్క బాధపడుతోందో చెప్పేస్తారు. ఆ పిడి ఆయన చెవి రాపిడికే నున్నబడింది. వచ్చే నెల నుంచి ఇంటిపట్టునే ఉంటాననీ, ఆ స్క్రూడ్రైవర్ ఎవరి చేతికిస్తే వాళ్ళే ఇక పెద్దమేస్త్రి అనీ ఆయన భోజనాల దగ్గర అనేశారు. అప్పటినుంచి పెద్దల్లుడికి ముద్ద దిగడం లేదు.

గొడవంతా ఆయిల్ ఫిల్టరు దగ్గర వచ్చింది. కొత్త ఫిల్టరు బిగించేముందు దాన్ని నూనెతో నింపాలని పెద్దల్లుడికి నేర్పింది మామగారే. ఖాళీది బిగిస్తే, ఇంజన్ తిరగగానే నూనె ముందు ఆ డబ్బాని నింపాలి. ఆ రెండు క్షణాలూ లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. చిన్నల్లుడు ఏదో కంపెనీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. ఫిల్టరు అంచునున్న రబ్బరు రింగుకి వేలితో కాస్త నూనె రాసి, ఖాళీగానే బిగించేసేవాడు.

"ఈ కాలం ఇంజన్లకి అక్కర్లేదు అన్నయ్యా. పోసేటప్పుడు ఇంత దుమ్ము పడిందంటే, మన చేత్తో మనమే ఇంజన్లో పోసినట్టవుతుంది" అన్నాడోసారి, నవ్వుతూనే.

ఆ నవ్వు పెద్దల్లుడికి కళ్ళలో కారం కొట్టినట్టుండేది. మాట పూర్తిగా తప్పయితే తనూ నవ్వి ఊరుకునేవాడు. పూర్తిగా తప్పు కాదు, అదీ బాధ. పైగా మామగారు తలూపారు. పందొమ్మిదేళ్ళలో తన మాటకి ఆయన తలూపింది రెండేరెండు సార్లు. రెండోది కునికిపాటేమోనని ఇప్పటికీ అనుమానమే.

"పొద్దున్న లేస్తే అతని ఊసే. మా చెల్లెలైనా మొగుణ్ణి ఇన్నిసార్లు తల్చుకోదు" అంది భార్య.

"నాకేం కుళ్ళు లేదు."

"నేను కుళ్ళు అన్లేదుగా."

ఒకరోజు లాండ్రీ కంపెనీవాళ్ళ వ్యాన్లు రెండు నూనె మార్చడానికి వచ్చాయి. రెండూ ఒకే రకం. మామగారు స్టూలు మీదనుంచి లేచారు.

"చెరొకటి తీసుకోండి. ఎవరి పద్ధతిలో వాళ్ళు చెయ్యండి. స్టార్టు చేసేటప్పుడు నేను వింటాను" అన్నారు.

ఏం వింటారో, విన్నాక ఏం ఇస్తారో ఇద్దరికీ తెలుసు.

ఆ వ్యానుకి బానెట్ ఎత్తితే ఫిల్టరు చేతికందుతుంది. పెద్దల్లుడు పాతది విప్పి పక్కన పడేశాడు. కొత్తదాన్ని నిటారుగా పట్టుకుని నూనె పోశాడు. లోపలి కాగితం నూనె తాగుతుంది, మట్టం దిగుతుంది, మళ్ళీ పోయాలి. తాగేదాకా ఆగాలి. ఆ ఆగినంతసేపూ అతని చూపు పక్క వ్యాను మీదే. వీడెంత చకచకా విప్పాడు, నడుం పట్టుకోకుండానే ఎలా లేచాడు, మామగారు అటే ఎందుకు నిలబడ్డారు. ఆ మంటలోనే ఫిల్టరు బిగించాడు.

ముందు చిన్నల్లుడి వ్యాను. తాళం తిప్పగానే లోపల టకటకమంది, ఒకటి రెండు లెక్కపెట్టేంతసేపు, తర్వాత సద్దుమణిగింది. మామగారు చెవి దగ్గరనుంచి స్క్రూడ్రైవర్ తీశారు. పెద్దల్లుడికి కడుపు చల్లబడింది.

తర్వాత తనది. మామగారు ఇంజన్ మీదికి వంగి స్క్రూడ్రైవర్ పిడికి చెవి ఆనించారు. పెద్దల్లుడు లోపల కూర్చుని తాళం తిప్పాడు.

"దీనికి టకటక లేదు" అన్నారు మామగారు.

పెద్దల్లుడి ఛాతీ పొంగింది. అది దిగకముందే ఫిల్టరు పక్కనుంచి నూనె చిమ్మింది. మామగారి చొక్కా, చెంప, చెవి, చెవి దగ్గరున్న స్క్రూడ్రైవర్, అన్నీ నూనె. పెద్దల్లుడు నోరు తెరుచుకుని ఉండిపోతే, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపింది చిన్నల్లుడే. వెళ్ళి ఫిల్టరు విప్పిందీ అతనే. వెనక్కి తిరిగేసరికి ఒక చేతిలో ఫిల్టరుంది, రెండో చెయ్యి గుప్పిలి మూసి ఉంది.

"సరుకు మంచిది కాదు మావయ్యా. రింగు సరిగ్గా కూర్చోలేదు" అన్నాడు, తోడల్లుడి మొహం చూడకుండా.

ఆ గుప్పిట్లో ఏముందో పెద్దల్లుడికి తెలిసిపోయింది. పాత ఫిల్టరు తాలూకు రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయింది. చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగించాడు. రింగు మీద రింగు పడితే నూనె ఆగదు. పనిలో చేరిన మొదటి వారంలో కూడా అతను చెయ్యని తప్పు అది. పోనీ, ఎవరికీ తెలియకుండా గడిచిపోతోందనైనా సంతోషించాడా అంటే అదీ లేదు. పనితనంలో గెలిచింది చాలక మంచితనంలోనూ వీడే గెలవాలా అని ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్కటీ వాడికి దక్కనివ్వదల్చుకోలేదు.

"గుప్పిలి విప్పు తమ్ముడూ" అన్నాడు దిగి వచ్చి. "అది నా బండి పాత రింగు మావయ్యా. నేను చూసుకోలేదు. ఇతని వైపు చూస్తూ ఉండిపోయాను."

మామగారు గుడ్డతో చెవి తుడుచుకున్నారు.

"ఫిల్టరు నింపమని నీకెందుకు చెప్పాననుకున్నావు?"

"ఇంజన్ రాసుకోకుండా ఉంటుందని."

"అదీ ఉందిలే. కానీ అప్పట్లో నీకు మహా తొందర. ఫిల్టరు పట్టుకుని ఆగాలంటే ఇంకో పని చెయ్యలేవు. ఎదురుగా ఉన్న చోటు చూస్తావు. మట్టి ఉంటే తుడుస్తావు, పాత రింగు ఉంటే పీకుతావు. ఆగుతావనే నింపమన్నాను. ఇన్నేళ్ళూ ఆ చోటే చూశావు కూడా."

అని, స్క్రూడ్రైవర్ని కూడా శుభ్రంగా తుడిచి చిన్నల్లుడి చేతిలో పెట్టి, చొక్కా మార్చుకోవడానికి ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు పెద్దల్లుడు షెడ్డుకి వచ్చేసరికి చిన్నల్లుడు బానెట్ ముందు నిలబడి ఉన్నాడు. జేబులో స్క్రూడ్రైవర్. ఎడమచేతిలో కొత్త ఫిల్టరు. అందులో నూనె పోస్తున్నాడు.

చివరికి ఇది కూడానా అనుకున్నాడు పెద్దల్లుడు. తనదంటూ మిగిలింది ఆ నింపడం ఒక్కటే. చిన్నల్లుడు ఒక్కసారే పోసి, కాగితం తాగకముందే బిగించడానికి వంగుతున్నాడు. అలా బిగిస్తే సగం ఖాళీయే. బిగించుకోనీ, పెద్దమేస్త్రి గారు కదా అనుకుని నాలుగడుగులు దాటిపోయాడు. దాటినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఆగు. అది ఇంకా తాగుతుంది."

"ఎంతసేపు అన్నయ్యా?"

పెద్దల్లుడు నూనె డబ్బా అందుకుని ఫిల్టరులో ఇంకాస్త పోశాడు.

"చాలనిపిస్తే అదే ఆగుతుంది. ఈలోపు ఇంజన్ వైపు చూస్తూ ఉండు" అన్నాడు. "నా వైపు కాదు."