విరగని పిన్ను

బొమ్మల డాక్టరంటే నాకు మొదటి రోజు నుంచే గిట్టదు. ఆ పేరు నేను పెట్టిందే. ముప్పై ఏళ్ళ మగాడు, బొమ్మల దుకాణంలో కూర్చుని కూత పోయిన రైళ్ళకూ కన్ను ఊడిన ఎలుగుబంట్లకూ మరమ్మతు చేస్తాడు. అలాంటివాణ్ణి చేసుకుంటానంది నా కూతురు. నా లేత్ షెడ్డులో, నా పక్క మిషను మీద పదకొండేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల. వాళ్ళమ్మ పోయాక ఇంట్లోనైనా షెడ్డులోనైనా నాకున్నది అదొక్కతే. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

"ఒక్కసారి ఆయనతో మాట్లాడు నాన్నా," అని నెల్లాళ్ళు ప్రాణం తీసింది. సరే రమ్మన్నాను. చంకలో బండి పెట్టుకొని దిగాడు. రిమోట్‌తో రాళ్ళెక్కే బండి, చవకరకం, ఒళ్ళంతా ప్లాస్టిక్కే. తీరిక దొరికితే దీనితోనే ఆడతాడట. నాకు ఒళ్ళు మండింది.

"షెడ్డు వెనక కాంక్రీటు పెళ్ళల గుట్ట ఉంది," అన్నాను. "మూడు ఆదివారాలు టైమిస్తున్నా. చెయ్యి తగలకుండా నీ బండి కొసదాకా ఎక్కితే పెళ్ళికి నేను సరే. ఏదైనా విరిగితే బాగుచేసుకుని మళ్ళీ కిందినుంచి మొదలుపెట్టుకో. ఎక్కలేదా, ఇంక నా గుమ్మం తొక్కకు."

"అలాగే మావయ్యగారూ," అన్నాడు.

"నేనింకా ఎవరికీ మామను కాలేదు."

నా కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఓడిపోతే నేనూ ఈ ఊసెత్తను. నువ్వు మాత్రం మాట తప్పకు నాన్నా," అంది.

మొదటి ఆదివారం బండి సగం కూడా ఎక్కకుండానే వెల్లకిలా పడింది. బరువంతా పైనే ఉంది మరి. "డాక్టరుగారూ, రోగి కాళ్ళు పైకెత్తేశాడు," అన్నాను. వాడు నా మాట పట్టించుకోలేదు. చక్రాల లోపల బరువు పెట్టాలని నా కూతురితో చెప్పాడు. ఆ వారం అది నాలుగు ఇత్తడి రింగులు కోసింది, నా మిషను మీద, నా ఇత్తడితో. నేను పళ్ళు నూరుకుంటూ చూశాను.

రెండో ఆదివారం బండి పడలేదు. అయితే ముందు చక్రాలు రెండు పెళ్ళల మధ్య ఇరుక్కున్నాయి. వాటిని పక్కకు తిప్పే చిన్న మోటారు కుయ్యిమంది తప్ప తిప్పలేకపోయింది. బుధవారానికి బలమైన మోటారు, దాని తిప్పుడు చక్రాలకు అందించే ఇనుప చెయ్యి బిగించుకుని వచ్చి గుట్ట మీద పరీక్షించాడు. ఇంచుమించు కొసదాకా ఎక్కింది. నా గుండెల్లో రాయి పడింది. అంతలో టక్కుమని చప్పుడై బండి ఆగిపోయింది.

"ఇక సెలవు తీసుకుంటావా?" అన్నాను.

వాడు జేబులోంచి అగ్గిపుల్లంత నల్లటి ప్లాస్టిక్ పిన్నులు గుప్పెడు తీశాడు. "ఇది విరగడానికే పెట్టిందండీ. చక్రం ఇరుక్కుంటే ముందు ఇది పోతుంది, లోపలి గేర్లు బతుకుతాయి. పిన్ను రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. గేర్లు పోతే మాత్రం బండి పోయినట్టే."

వెర్రివెధవ. తన గుట్టు తానే నా చేతిలో పెట్టాడు.

శనివారం వదులైన రింగులు మళ్ళీ బిగించమని నా కూతురికి చెప్పి బండిని బల్ల మీద వదిలి వెళ్ళాడు. నా కూతురు సరుకు అప్పజెప్పడానికి బయటికి వెళ్ళినప్పుడు అదే కొలతకు స్టీలు పిన్ను ఒకటి లేత్ మీద కోశాను. కాల్చి నూనెలో ముంచి, ప్లాస్టిక్‌లా నల్లగా చేసి, బండి లోపలి పిన్ను పీకి దాని చోట దూర్చాను.

మూడో ఆదివారం బండి చివరి పెళ్ళ అంచుకు చేరింది. ముందు చక్రం సందులో ఇరుక్కుంది. విరిగితే పిన్నే కదా అన్న ధీమాతో వాడు గట్టిగా తోలాడు. లోపల కటకటమని గేర్లు నలిగాయి. విప్పి చూస్తే పళ్ళన్నీ పొడి. పిన్ను మాత్రం నిక్షేపంగా ఉంది.

నా కూతురు ఆ పిన్ను తీసుకుని చివర మీద గోరు తిప్పింది. ఎవరి కంటా పడని ముక్కకైనా సరే, చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో మూడుసార్లు అంచు రుద్దడం నా అలవాటు. దానికి పదేళ్ళప్పుడే నేర్పాను. ఈ పిన్నుకూ రుద్దేశానని అప్పుడు గుర్తొచ్చింది.

"స్టీలు పిన్ను. ఎవరు పెట్టారు?" అన్నాడు వాడు.

నేను గుట్ట వంక చూశాను.

"నేనే," అంది నా కూతురు. "గట్టిగా ఉంటుందనుకున్నా. తప్పు నాది."

వాడు దాని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత బండి ఎత్తుకున్నాడు. "ఓడిపోయాను మేస్త్రిగారూ," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

వాడు మలుపు తిరిగాక అది పిన్నును నా అరచేతిలో పెట్టింది. "నేను మాట తప్పను నాన్నా. ఇక్కడే ఉంటాను," అంది.

సోమవారం ఎప్పటిలా తెల్లవారగానే పనికొచ్చింది. గెలిచింది నేనే, నా పిల్ల నా పక్కనే ఉంది. మధ్యాహ్నానికి అది కోసిన కడ్డీలు లెక్కబెట్టడానికి చేతిలోకి తీసుకున్నాను. వేలు తెగి రక్తం కారింది. తట్టలో ఒక్కదానికి కూడా అంచు రుద్దలేదు.

"అంచు రుద్దలేదేమే?" అన్నాను.

అది మిషను ఆపలేదు, నా వైపు తిరగలేదు. "ఆ అలవాటు మానేశాను నాన్నా," అంది.

వేలికి గుడ్డముక్క చుట్టుకుని, ఆకురాయి తీసుకుని, ఆ కడ్డీల ముందు కూర్చున్నాను.