అల్లుడుగారి థర్మోస్టాట్

మా ఇంట్లో కారుకు ఏదైనా రోగం వస్తే వైద్యం చెప్పేది మెకానిక్ కాదు, అల్లుడు. అల్లుడంటే మా ఆడబిడ్డ ప్రేమలత భర్త ఓంప్రకాశ్. వరసకు నాకు అన్నయ్య. మనిషి చెడ్డవాడేం కాదు, చేతికి ఎముక లేనివాడు కూడా. కానీ ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చిందంటే మా అత్తమ్మ యాకమ్మకు అది శిలాశాసనం. ఆ మాట కాదంటే కూతురి కాపురానికి ఏమైపోతుందోనని ఆమె భయం. ఆమె కొడుకు, అంటే మా ఆయన హరికృష్ణ, బావ ఏమన్నా తలూపుతాడు.

మొన్న జూన్‌లో నాకు తొర్రూరు దగ్గర ఒక గురుకుల పాఠశాలలో లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చింది. రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయాక, వయసు హద్దు దాటబోతుండగా వచ్చిన ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు చేరకపోతే నా తర్వాతివాళ్లకు వెళ్లిపోతుంది. మంగళవారమే బస్సెక్కుతానన్నాను. మంగళవారం కొత్త పనేమిటంది అత్తమ్మ. బుధవారం అష్టమి అంది. గురువారం పొద్దున్నే బ్యాగు పట్టుకుని గడప దాకా వచ్చాను. ఎదురుగా అన్నయ్య, చేతిలో చిన్న అట్టపెట్టెతో. అందులో థర్మోస్టాట్.

మా పాత కారు వేడెక్కుతుంది. ఊరు విడిచి మామునూరు దాటేసరికి వేడి మీటరు ముల్లు ఎర్రగీత మీద ఉంటుంది. అన్నయ్య ఫోన్‌లో వీడియోలు చూసి కారణం కనిపెట్టాడు. ఇంజన్‌లోని నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు ఒకటుంటుందట, అదే థర్మోస్టాట్. మా కారులో అది ఎనభై ఎనిమిది డిగ్రీలకు గానీ తెరుచుకోదు. డెబ్బై ఆరుకే తెరుచుకునేది వేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది. మన ఎండలకు ఇదే సరైనదని, నాకు ఉద్యోగం వచ్చిన సంతోషంలో హైదరాబాద్ నుంచి తెప్పించానని, ఇది వేయించి నన్ను కారులోనే దింపుతానని చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. కానీ నీళ్లు రేడియేటర్‌కు తొందరగా పోయినంత మాత్రాన చల్లబడవు, అక్కడ వాటికి గాలి తగలాలి. ఆ గాలి ఎందుకు తగలడం లేదో నాకు తెలుసు.

నిరుడు ఆ సెకండ్‌హ్యాండ్ కారు కొన్న నెలకు అన్నయ్య ఒక కానుక తెచ్చాడు. తళతళలాడే స్టీలు రేకు, దాని మీద పూలతీగల నడుమ ‘అమ్మ ఆశీస్సులు’ అని చెక్కించాడు. కారు ముందు గాలి దూరే జాలీ మొత్తం మూసుకుపోయేలా ఈ చివర నుంచి ఆ చివర దాకా దాన్ని బిగించాడు. అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతకుముందు ఆ కారు ఒక్కసారి వేడెక్కలేదు. ఆ తర్వాత వేడెక్కని రోజు లేదు. ఇది తెలుసుకోవడానికి లెక్కల టీచరే కానక్కర్లేదు. మా ఆయనతో చెబితే, బావ మనసు నొచ్చుకుంటడు, జర ఓపిక పట్టు అన్నాడు. పట్టి పట్టి ఏడాదైంది.

గురువారమంతా కారు మజర్ షెడ్డులోనే ఉంది. ఇక్కడి మెకానిక్‌లకు అలవాటైన పద్ధతిలో, అసలు ఆ వాల్వే తీసి పక్కన పెడదామన్నాడు మజర్. అది మోటు పని అన్నాడు అన్నయ్య. సరేనని మజర్ నీళ్లు దింపి, గొట్టం ఊడదీసి, కొత్త థర్మోస్టాట్ కూర్చోబెట్టి బోల్టులు బిగించాడు. లేచి కారు ముందుకొచ్చి, రేకును వేలితో తట్టి ఏదో అనబోయాడు. మా ఆయన గట్టిగా దగ్గాడు. మజర్ మమ్మల్నందరినీ ఒకసారి చూసి చేతులు తుడుచుకున్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున చల్లపూట బావ, బావమరిది కలిసి మామునూరు దాకా పోయొచ్చారు. ముల్లు సగం కూడా ఎక్కలేదట. అత్తమ్మ దిష్టి తీసింది, కారుకు కాదు, అల్లుడికి. నేను బస్సులో పోతానంటే, అల్లుడు నీ కోసం సెలవు పెడితే బస్సులో పోతవా అని నన్నే తప్పుపట్టింది. అల్లుణ్ని తినకుండా పంపనంటూ బగారన్నం, కోడికూర వండింది. ఆయన తినేసరికి ఎండ నడినెత్తి మీదుంది. ఇంతమంది నా మంచి కోరేవాళ్ల మధ్య నా ఉద్యోగం నిలుస్తుందా అని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

వర్ధన్నపేట దాటాక ముల్లు లేవడం మొదలైంది. మా ఆయన నడుపుతున్నాడు, పక్కన అన్నయ్య, నేను వెనక సీట్లోంచి ఆ ముల్లునే చూస్తున్నాను. కొత్త సామాను, కుదురుకోవడానికి టైం పడుతుందన్నాడు అన్నయ్య. ఇంకాస్త దూరం పోయాక బానెట్ సందుల్లోంచి పొగలా ఆవిరి వచ్చింది. కారు పక్కకు తీసి ఆపారు. నేను ఎక్కాల్సిన తొర్రూరు బస్సు, చెయ్యెత్తేలోపే మా పక్కనుంచి దూసుకుపోయింది. అరవై ఐదుకే తెరుచుకునేది కూడా దొరుకుతుందేమో చూద్దామని అన్నయ్య ఫోన్ తీశాడు.

ఇక నా వల్ల కాలేదు. డిక్కీలోంచి పానా తీసుకుని, ఉద్యోగంలో చేరడానికని కట్టుకున్న పట్టుచీరతోనే రోడ్డు పక్కన కారు ముందు కూర్చున్నాను. రేకు కాలుతోంది. కొంగు చుట్టి పట్టుకుని మొదటి బోల్టు తిప్పాను.

“ఏం జేస్తానవే?” అన్నాడు మా ఆయన, బావ వైపు చూస్తూ.

“గాలి తగలనిస్తాన.”

మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది మొండికేసింది. అన్నయ్య వచ్చి నా పక్కన కూర్చుని పానా అందుకున్నాడు. బోల్టు ఊడదీసి, రేకు పక్కన పెట్టి, దాని వెనక వేడికి కమిలిపోయిన జాలీని చాలాసేపు చూశాడు.

“గీ రేకు అడ్డమున్నదని మీకందరికి ఎర్కనేనా చెల్లె?”

“ఎర్కనే అన్నయ్య.”

“మజర్‌కు గుడ?”

మా ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను తలూపాను.

“పన్నెండేండ్లాయె మీ ఇంటికి అల్లుడనై. ఒక్కనాడన్న నాది తప్పని ఎవ్వరన్నరు? అందరు ఔనంటాంటే నాకు నిజంగనే అన్ని తెలుసనుకున్న.” ఆయన గొంతులో కోపం లేదు. “జెప్పాలె గద చెల్లె.”

నాకు జాలేసింది. జాలి కంటే ఎక్కువ ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, మా అందరి మీద. ఈ మనిషికి ఇన్నేళ్లుగా మర్యాద వడ్డిస్తున్నామే తప్ప ఒక్క నిజం వడ్డించలేదు.

ఇంజన్ చల్లారాక నీళ్లు పోసి బయల్దేరాం. ముల్లు సగం దగ్గర ఆగి, దారి పొడవునా అక్కడే ఉంది. అన్నయ్య రేకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బడి ఆఫీసులో గుమాస్తా బీరువాకు తాళం వేయబోతుండగా వెళ్లి సంతకం పెట్టాను. మసి అంటిన వేళ్లతో పెట్టిన ఆ సంతకం చూసి ప్రిన్సిపల్ నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గారెలు చేసి సిద్ధంగా ఉంది. అల్లుడికి పీట వేసి, అల్లుడు ఆ సామాను ఏసిండు గాబట్టే కోడలికి ఉద్యోగం దక్కిందని పక్కింటి కమలకు గోడ మీంచి చెబుతోంది. అన్నయ్య గారె తుంచలేదు.

“అత్తమ్మా, గా థర్మోస్టాట్ తోని ఏం గాలే. నేను పెట్టిన రేకు తోనే బండి వేడెక్కింది. తప్పు నాదే.”

అత్తమ్మ చేతిలో గారెల పళ్లెం ఆగిపోయింది. అల్లుణ్ని చూసింది. ఆయన పక్కన గోడకు ఆనించి ఉన్న రేకును చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“అల్లున్ని ఏమన్నవే నువ్వు?”

అన్నయ్య నోరు తెరవబోయాడు. మా ఆయన గట్టిగా దగ్గాడు.